శాఖాధిపతి ద్వారా

పోయిన వారం మనం మీటింగు గది తలుపు దగ్గర ఆగిపోయాం. రసాయన శాఖలో పరిశోధన చేస్తున్న అమ్మాయి తన గైడు మీద, అంటే ఆ శాఖకే అధిపతి అయిన పెద్దసారు మీద, ఫిర్యాదు ఇచ్చి ఆ రోజుకి ఎనభై ఏడు రోజులు. తొంభై రోజుల్లో తేల్చకపోతే ఫిర్యాదుకి కాలం చెల్లినట్టేనని కాలేజీ నియమం. త్రాసు గదిలో జరిగింది కళ్లారా చూశానని మొదట చెప్పిన ల్యాబ్ టెక్నీషియన్ ఇప్పుడు "నేనేమీ చూడలేదు" అని కాగితం రాసిచ్చేసింది. అది చేతపట్టుకునే కమిటీ లోపలికి వెళ్లింది. మినిట్స్ రాయడానికి, ఆఫీసులో టైపు చేసే మన టైపక్క కూడా ప్యాడు పట్టుకుని వెళ్లింది. అమ్మాయి బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. తలుపు మూసుకుంది.

మూసిన తలుపు వెనక ఏం జరిగిందో చెప్పడం నా పని. కూర్చోండి.

దాన్ని మీటింగు గది అనడం మర్యాద కోసమే. సగం గదిలో పాత జవాబు పత్రాల కట్టలున్నాయి. మిగిలిన సగంలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తిరిగినంతసేపూ టకటకమనే ఫ్యాను. అధ్యక్షురాలు లెక్కల మేడం. ఎవరినీ నొప్పించదు, ఎవరినీ నమ్మదు, ప్రతిదానికీ నిబంధన నంబరు అడుగుతుంది. ఆమెకు కుడిపక్కన వైస్ ప్రిన్సిపాల్. ఎడమపక్కన బయటి సభ్యురాలిగా వచ్చే లాయరమ్మ. కమిటీ అంటే ఈ ముగ్గురే.

వైస్ ప్రిన్సిపాల్ ఆ రోజు ఇంటి దగ్గరే అన్నీ సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నాడు. కుర్చీలో సర్దుకోకముందే పెద్దసారు వివరణ తీసి చదివాడు. "నాకు నోటీసు అందక ముందే ఈ ఫిర్యాదులోని ప్రతి మాటా నా చెవిన పడింది. సాక్షి పేరు కూడా తెలిసింది. దీన్నిబట్టి ఫిర్యాదు కాగితం చేతులు మారిందనీ, నా పరువు తీయడమే దాని ఉద్దేశమనీ మనవి."

"విన్నారుగా?" అన్నాడు కళ్లజోడు పైకి తోసుకుంటూ. "ఫిర్యాదు గుట్టుగా ఉంచాలని నిబంధన. ఈ అమ్మాయి ఊరంతా చాటింపు వేసింది. ఇంక మనం ఎవరి గుట్టు కాపాడాలి చెప్పండి?"

"నంబరు?" అంది లెక్కల మేడం.

"పదకొండు. ఫిర్యాదుదారే గోప్యత తప్పితే ఫిర్యాదు మూసెయ్యొచ్చు. అమ్మాయి మళ్లీ అదే గైడు కింద, అదే ల్యాబ్‌లో పని చేసుకుంటుంది. మనకీ తలనొప్పి వదులుతుంది."

అదే ల్యాబ్ అంటే అదే త్రాసు గది. అక్కడ తూకం వేసే యంత్రానికి గాలి తగిలితే అంకెలు నిలబడవు. అందుకని తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. ఆ నియమం పెట్టింది పెద్దసారే. ఆ మూసిన తలుపు వెనక, తూకం చూపిస్తున్న వంకతో అమ్మాయి నడుము మీద చెయ్యి వేసిందీ ఆయనే. మూడోసారి ఆమె ఆ చేతిని విదిలించి కొట్టిన సమయానికి, తేమ పీల్చే గుళికలు మార్చడానికి టెక్నీషియన్ తలుపు తీసింది. వారం తిరక్కుండా యంత్రాలు వాడుకునే వంతుల పట్టికలోంచి అమ్మాయి పేరు మాయమైంది. ఇదంతా మనకు తెలుసు. కమిటీకీ తెలుసు. తెలిసిన సంగతిని కాగితం మీద లేదనిపించడానికే ఇప్పుడు ఇంత తంటా.

లాయరమ్మ ఫైలు తన వైపు లాక్కుంది. అందులోంచి ఫిర్యాదు మొదటి పేజీ తీసి వెలుతురుకేసి పట్టుకుంది.

"ఒక్క నిమిషం సార్. కింద అమ్మాయి సంతకం మూడో తారీఖుది. మీ ఆఫీసు ముద్ర ఆరో తారీఖుది. మధ్యలో మూడు రోజులు ఈ కాగితం ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? ఆ అమ్మాయి దగ్గరే. రాసుకుని, నలుగురికీ చూపించుకుని, తీరిగ్గా తెచ్చి ఇచ్చింది." వైస్ ప్రిన్సిపాల్ టైపక్క వైపు తిరిగి తియ్యగా నవ్వాడు. "ఏమ్మా టైపక్కా, ఆ వారం ఇన్‌వర్డ్ సీట్లో ఉన్నది మీరే కదా? కాగితం ఆరో తారీఖునే వచ్చింది కదూ?"

"ముద్ర ఎప్పుడుంటే అప్పుడే వచ్చినట్టండీ," అంది టైపక్క.

ముప్పై ఒక్క ఏళ్లుగా అప్పజెబుతున్న పాఠం అది. అనేసి, ఆ మాటనే మినిట్స్‌లో రాసుకోబోయింది. అప్పుడే లాయరమ్మ చేతిలోని కాగితం కాస్త ఇటు వాలింది. పై మూలన రెండు చిన్న బెజ్జాలు, ఏటవాలుగా. టైపక్క కలం ఆగిపోయింది.

ఆ ఆఫీసులో అందరూ స్టేప్లర్ కొడతారు. గుండుసూది గుచ్చేది టైపక్క ఒక్కతే. అదీ నిలువుగా కాదు, ఏటవాలుగా, కాగితం చిరగకుండా.

ఇన్ని రోజులూ ఆమె ఆ కాగితాన్ని చూడలేదు. ఫైలు లెక్కల మేడం బీరువాలో ఉండేది. కమిటీ నోట చెప్పింది రాయడమే టైపక్క పని. ఇప్పుడు చూసింది. చూడగానే ఆ రోజు మొత్తం కళ్లముందుకొచ్చింది.

వచ్చే కాగితాలు పుచ్చుకునే ఇన్‌వర్డ్ గుమస్తా కూతురి కాన్పుకని సెలవు పెట్టిన వారం. టైపక్క రెండు సీట్లూ ఒక్కతే చూసుకుంటోంది. ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. విద్యార్థి గానీ ఉద్యోగి గానీ ప్రిన్సిపాల్‌కి ఏ కాగితం రాసినా అది 'శాఖాధిపతి ద్వారా' రావాలి. సెలవు చీటీ అయినా సరే, కుళాయి కారుతోందన్న విన్నపమైనా సరే. కింద శాఖాధిపతి సంతకం లేకపోతే ఆ కాగితం వచ్చినా రానట్టే లెక్క. ముద్ర వేయరు. "శాఖాధిపతి ద్వారా రాలేదు, వారి సంతకంతో పంపవలెను" అన్న పచ్చ చీటీ గుచ్చి వెనక్కి తోలతారు. ఆ చీటీలు అచ్చు వేయించింది కూడా టైపక్కే. రోజుకి ఇరవై గుచ్చుతుంది. ఈ విషయంలో ఆమెకు ఎంత పేరంటే, మా పెళ్లి శుభలేఖ మీద కూడా ఇది నంబరు వేసే ఉంటుందని ఇంట్లో ఆయన చుట్టాల ముందు ఆటపట్టిస్తుంటాడు.

ఆ మూడో తారీఖున కత్తెరతో కవరు కత్తిరించింది. పైన 'పరిశోధక విద్యార్థిని, రసాయన శాఖ' అని చూసింది. విషయం అన్నచోట 'శాఖలో నాకు ఎదురవుతున్న ఇబ్బంది గురించి' అని ఉంది. ఏ కుళాయో, ఏ ఫ్యానో అనుకుంది. కింద శాఖాధిపతి సంతకం లేదు. పచ్చ చీటీ గుచ్చింది. శాఖకి పంపేసింది.

పెద్దసారు మీద ఇచ్చిన ఫిర్యాదుని, సంతకం పెట్టించుకు రమ్మని, పెద్దసారుకే పంపింది!

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అంటోంది లెక్కల మేడం. "పది నిమిషాలు టీ తాగి వద్దాం. వచ్చాక తీర్మానం రాసేద్దాం."

టైపక్క టీ వైపు వెళ్లలేదు. వరండాలోకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. అమ్మాయి ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తోంది, మళ్లీ వస్తోంది, నోటీసు బోర్డు ముందు ఆగుతోంది, అక్కడ చదవడానికేమీ లేకపోయినా చదువుతోంది. టైపక్కను చూడగానే పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమంటున్నారక్కా?"

"చెప్పకూడదమ్మా."

"మీ ముఖం చూస్తేనే తెలుస్తోందిలెండి." అమ్మాయి బెంచీ మీద కూర్చుంది, వెంటనే లేచింది. "నేను చేసిన తప్పొక్కటే. ఇచ్చేముందు దాన్ని నా రూమ్మేటుకి చూపించాను. అక్షరదోషాలు చూస్తుందని. అదే వెళ్లి చెప్పుంటుంది. లేకపోతే ఆయనకి టెక్నీషియన్ పేరు ఎలా తెలుస్తుంది? నేను కాగితం ఇచ్చిన మూడో రోజే ఆవిణ్ని గాజుసామాను స్టోర్లోకి తోసేశారు. అప్పటికి కమిటీ కవరు కూడా విప్పలేదు."

"మీ రూమ్మేటు..."

"మాట్లాడటం మానేశాను. గది మారాను. డిగ్రీ నుంచీ ఒకే కంచంలో తిన్నాం అక్కా మేం. పోయిన నెల వాళ్ల నాన్న పోయారు. వెళ్లలేదు నేను. ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు. అది అక్కడ ఏడుస్తుంటే నేనిక్కడ, బాగా అయింది అనుకున్నాను." ఆ మాట అనేసి అమ్మాయి గోడ వైపు తిరిగింది.

టైపక్క ఊరుకుంటే ఊరుకోవచ్చు. తప్పించుకునే దారి వైస్ ప్రిన్సిపాల్ ఇందాకే చూపించాడు ఆమెకు. "ఆరునే వచ్చింది" అని ఒక్క మాట అంటే ఆమె సర్వీసు పుస్తకంలో మచ్చ ఉండదు. ఇన్నేళ్లలో ఒక్క మెమో తీసుకోని మనిషి. ఆ సంగతి పక్క సీటు వాళ్లకి వారానికోసారైనా గుర్తుచేసే మనిషి.

"మీ రూమ్మేటు కాదు," అంది టైపక్క. "నేను."

"ఏంటి?"

"నేనే పంపాను. మీ పెద్దసారుకి. నీ కాగితం." నీళ్లు నములుతూ, ముక్కలు ముక్కలుగా, పచ్చ చీటీ సంగతి, గుండుసూది సంగతి, ద్వారా సంగతి అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ అమ్మాయి ముఖం చూడలేదు. తన చెప్పుల్నే చూసుకుంది.

అమ్మాయి నోటీసు బోర్డు వైపు చెయ్యి చూపించింది. ఫిర్యాదులు ప్రిన్సిపాల్ గారి పేరిట ఆఫీసులో ఇవ్వగలరు అన్న కాగితం అక్కడే ఉంది. టైపు చేసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

"ఇందులో రాసినట్టే ఇచ్చాను కదక్కా. కవరు మీద 'రహస్యం' అని రాయమని ఎక్కడా లేదు. మీ చేతికే ఇచ్చాను. 'పెట్టి వెళ్లమ్మా' అన్నారు. చదవలేదా మీరు?"

"పైన నాలుగు ముక్కలే చూశానమ్మా."

"ఎన్నిసార్లు చింపి రాశానో తెలుసా? నడుము అన్న మాట రాయడానికే రెండు రోజులు పట్టింది నాకు. అది ఆయన టేబుల్ మీద పెట్టుకుని చదువుకున్నాడా?"

"తప్పయిపోయింది తల్లీ. నీ కాళ్లు..."

"వద్దు." అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ సారీలు తర్వాత చెప్పుకుందాం. నాకిప్పుడు ఏడ్చే ఓపిక కూడా లేదు. నేను మూడో తారీఖునే ఇచ్చానని లోపల చెప్తారా, చెప్పరా?"

టైపక్క తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

లోపల ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. వైస్ ప్రిన్సిపాల్ తీర్మానం చెప్పడం మొదలుపెట్టాడు. "రాసుకోండమ్మా. ఫిర్యాదుదారు స్వయంగా గోప్యత ఉల్లంఘించినందున..."

టైపక్క కూర్చోలేదు. ప్యాడు బల్ల మీద బోర్లించింది.

"ఆ అమ్మాయి ఉల్లంఘించలేదండీ. నేను ఉల్లంఘించాను."

చెప్పింది. ఈసారి ముక్కలు చేయకుండా వరసగా చెప్పింది. లాయరమ్మ కలం తీసి గబగబా రాసుకుంటూ పోయింది. లెక్కల మేడం మాత్రం రెండుసార్లు కళ్లు మూసుకుంది. పాపం, ఆమెకు బాధ కలిగినప్పుడు నిబంధన నంబరు దొరకదు.

"ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా మీకు?" వైస్ ప్రిన్సిపాల్ గొంతులో తీపి పోయింది. "ఇందాకే కదా ఆరున వచ్చిందన్నారు?"

"ముద్ర ఎప్పుడుంటే అప్పుడే వచ్చినట్టన్నానండీ. ముద్ర ఆరునే వేశాను. శాఖ నుంచి తిరిగొచ్చాక. తిరిగొచ్చినప్పుడు నా చీటీ లేదు, కింద సంతకమూ లేదు. ఆ రోజు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాల్సిన కాగితాలతో కలిపి అటెండర్ తెచ్చి ఇస్తే, చూడకుండా ముద్ర కొట్టేశాను."

"బయట బెంచీ మీద ఆ పిల్ల ఏడ్చి ఉంటుంది, ఈవిడ కరిగిపోయి వచ్చింది. ఆధారం ఏదమ్మా? రెండు బెజ్జాలా? బెజ్జాల మీద తీర్మానం రాస్తామా మేడం?"

"ఆధారం డెలివరీ పుస్తకం," అంది టైపక్క. "ఆఫీసు నుంచి ఏ శాఖకి ఏం వెళ్లినా అందులో రాస్తాం. పుచ్చుకున్నవాళ్లు సంతకం పెడతారు. పెట్టకుండా మా అటెండర్ కాగితం వదలడు."

"ఇప్పుడు ఆ పుస్తకం వెతుక్కుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. ముందు తీర్మానం..."

"తెప్పించండి," అంది లెక్కల మేడం.

అటెండర్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. పొడుగాటి పుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. ఫ్యాను గాలికి పేజీలు లేస్తుంటే లెక్కల మేడం లేచి ఫ్యాను కట్టేసింది. గదిలో ఒక్కసారిగా ఉక్క. మూడో తారీఖు పేజీ దొరికింది. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ నాలుగో వరస దగ్గర ఆగింది.

"రసాయన శాఖ. పరిశోధక విద్యార్థిని వినతి. ద్వారా కొరకు. ఇది మీ చేతిరాతేనా?"

"నాదేనండీ."

"ఉదయం పదకొండున్నర. పుచ్చుకున్నవారు..." లెక్కల మేడం ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "ఇది పెద్దసారు సంతకం కాదే."

టైపక్క వంగి చూసింది. కాలేజీలో ఆమె గుర్తుపట్టలేని సంతకం లేదు. చూసి నిటారుగా నిలబడింది గానీ పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. లాయరమ్మ ఆ పూట మీటింగు హాజరు పట్టీ తీసి పుస్తకం పక్కన పరిచింది. ముగ్గురి సంతకాల్లో రెండోది, తోక పొడుగ్గా లాగి కింద రెండు చుక్కలు పెట్టినది, పుస్తకంలో నాలుగో వరసలోనూ ఉంది.

"సార్," అంది లాయరమ్మ. "పెద్దసారు ఆ రోజు ఊళ్లో లేరా?"

"పరీక్షల పనికి వెళ్లారు," అన్నాడు వైస్ ప్రిన్సిపాల్. "మూడు రోజులు శాఖ ఇన్‌ఛార్జి నేనే."

"అంటే కాగితం మీ చేతికొచ్చింది. చీటీ మీరు తీసేశారు. చదివి ఆయనకి ఫోన్ చేసి చెప్పారు. సాక్షి పేరుతో సహా. ఇప్పుడు ఇక్కడ కూర్చుని, చాటింపు వేసింది ఆ అమ్మాయని మాతో సంతకాలు పెట్టించబోయారు."

టైపక్క అప్పుడు కుర్చీలో కూర్చుంది. అయిపోయింది, బయటపడింది, ఇక ఆ పిల్ల గట్టెక్కినట్టే అనుకుంది. మీరూ అదే అనుకుంటున్నారు కదా?

వైస్ ప్రిన్సిపాల్ కోప్పడతాడనుకున్నారు. కోప్పడలేదు. నెమ్మదిగా తన కాగితాలు సర్దుకున్నాడు. కలం జేబుకి తగిలించాడు. సంచీ భుజానికి వేసుకున్నాడు.

"మీరన్నది నిజమే మేడం. ఈ వ్యవహారంలో నా చెయ్యి ఉన్నట్టే. చెయ్యి ఉన్న మనిషి కమిటీలో కూర్చోకూడదు. నంబరు నాలుగు. నేను తప్పుకుంటున్నాను, రాసుకోండి."

ఆ నంబరు పక్కనున్న నంబరు లెక్కల మేడంకి కంఠతా వచ్చు.

"ముగ్గురూ ఉంటేనే కమిటీ," అన్నాడు ఆయన కుర్చీ లోపలికి జరుపుతూ. "ఇద్దరు కూర్చుని రాసింది చెల్లదు. నా బదులు ఇంకొకర్ని వెయ్యాలంటే పాలకమండలి కూర్చోవాలి. వాళ్లు కూర్చునేది వచ్చే నెల ఇరవైన. మీకున్నది మూడు రోజులు. చీటీ తీసినందుకు నాకో మెమో ఇస్తారేమో. ఇవ్వండి, తీసుకుంటాను."

"మేడం, ఆయన్ని వెళ్లనివ్వకండి!" లాయరమ్మ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "వాంగ్మూలం ఇవ్వకుండా గది దాటితే ఈ ఫిర్యాదు ఇక్కడితో చచ్చినట్టే!"

ఆయన అప్పటికే గడియ తీశాడు. తలుపు సగమే తెరుచుకుంది. అవతల అమ్మాయి నిలబడి ఉంది, గుమ్మానికి రెండు చేతులూ ఆన్చి. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"పక్కకి తప్పుకోమ్మా," అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

"తప్పుకోను సార్," అంది అమ్మాయి. అని, ఆయన్ని లోపలికి తోస్తూ తనూ లోపలికి వచ్చి, వీపుతో తలుపు మూసేసింది.